ఇంటికో గుక్క

ద్రావణాల పాఠం మొదలుపెట్టే రోజు పిల్లలను ఒక ప్రశ్న అడుగుతాను. లీటరు నీళ్లు తీసుకుని అందులో ఒక మోల్ ఉప్పు వేస్తే ఒక మొలార్ ద్రావణం అవుతుందా? అవుతుందని ఏటా తరగతంతా ఒకే గొంతుతో చెబుతుంది. కాదు. ముందు ఉప్పును ఫ్లాస్కులో వేసి, కొద్దిపాటి నీళ్లలో కరిగించి, ఆ తర్వాత మెడ మీది గీత దాకా నీళ్లు నింపాలి. లీటరు కావలసింది నీళ్లు కాదు, నీళ్లూ ఉప్పూ కలిసిన ద్రావణం.

ఒక ఏడు వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి, "గింత తేడాకే మార్కులు కట్ చేస్తరా మేడం?" అంది.

"చేస్త."

"మా తాత కల్లుల నీళ్లు కలిపెటోన్ని గూడ గింతగనం అడగడు మేడం."

తరగతి గొల్లుమంది. నేనూ నవ్వాను. నవ్వి బోర్డు వైపు తిరిగి, నాలుగుంపావు శాతం గ్లూకోజు ద్రావణంలో లీటరుకు ఎన్ని గ్రాములుంటాయో చెప్పమని లెక్క వేశాను. పాఠ్యపుస్తకంలో ఆ అంకె లేదు. అది మా ఇంట్లో మంచం పక్కన పేర్చిన అట్టపెట్టెల మీద ఉన్న అంకె. ఆ పెట్టెలు మా అక్కవి.

మేమిద్దరం వికారాబాద్‌లో ఉండేవాళ్లం. అక్క పెళ్లి చేసుకోలేదు. నేను చేసుకున్నాను గాని, ఆయన పోయాక మళ్లీ అక్క దగ్గరికే చేరాను. నాకు తాండూరులో జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే ఉద్యోగం. అక్కది చర్చి సంఘం పని. కొడంగల్ దారిలోని ఊళ్లకు వెళ్లి, ఇంటింటా కూర్చుని, ఆడవాళ్లకు వాక్యం చెప్పి ప్రార్థన చేసి వచ్చేది. పొద్దున ఇద్దరం ఒకే రైలెక్కి తాండూరులో దిగేవాళ్లం. నేను కాలేజీకి, ఆమె బస్టాండుకు.

అక్క పనిలో నీళ్ల సంగతి చెప్పకపోతే తర్వాతి సంగతి అర్థం కాదు. మా చిన్నప్పుడు మా నాయన కూలికి పోయే ఇళ్లలో మాకు గ్లాసు ఇచ్చేవాళ్లు కాదు. దోసిలి పట్టి వంగితే పైనుంచి పోసేవాళ్లు. మోచేతుల మీదుగా కారిపోయినదే ఎక్కువ, నోట్లోకి పోయినది తక్కువ. కొన్ని ఇళ్లలో అదీ లేదు. దూప అని, దాహంతో అడిగినా వినబడనట్టు లోపలికి వెళ్లేవాళ్లు. అక్క నాకంటే పెద్దది కాబట్టి ఆమెకు ఎక్కువ గుర్తు. అందుకే వాక్యం పని మొదలుపెట్టిన నాటి నుంచి ఏ ఇంటి వాళ్లు నీళ్లిచ్చినా వద్దనేది కాదు. బావి దగ్గర అలసి కూర్చున్న ప్రభువు, తనవాళ్లు అంటకూడదన్న ఆడమనిషి చేతి నీళ్లే కదా అడిగాడు, అనేది. నీళ్లు తాగడం ఆమె చెప్పే వాక్యంలో సగం.

ఆ ఊళ్లలో ఒకదాంట్లో గొర్లు మేపుకునే కుటుంబం ఉండేది. ఆ ఇంటి పెద్దామెను మేము అవ్వ అనేవాళ్లం. కొడుక్కి జబ్బు చేసినప్పుడు ప్రార్థనకు పిలిపించి, అప్పటి నుంచి ప్రార్థన కూడికలకు రావడం మొదలుపెట్టింది. కోడళ్లకు ఇష్టం లేదు. మొదట్లో అక్క వెళ్తే అరుగు మీదనే కూర్చోబెట్టేవాళ్లు. ఒకరోజు అవ్వ అక్కను లోపలికి పిలిచి, కోడళ్లు చూస్తుండగా, తాము తాగే ఇత్తడి గ్లాసు నిండా నీళ్లు పోసి చేతికిచ్చింది. ఆ సాయంత్రం రైల్లో అక్క ఒక్క మాటే చెప్పింది.

"ఇయ్యాల గ్లాసు నా చేతికిచ్చింది చెల్లె."

వికారాబాద్ వచ్చేదాకా కిటికీ వైపే చూస్తూ కూర్చుంది.

తర్వాత కొన్నేళ్లకు ఆమె కిడ్నీలు పాడయ్యాయి. బీపీ వల్ల అన్నారు. హైదరాబాద్‌లో డాక్టరమ్మ పొట్ట డయాలసిస్ చేసుకోమంది. మిషను అక్కర్లేదు, ఇంట్లోనే చేసుకోవచ్చు. కడుపులోకి ఒక సన్నటి గొట్టం అమరుస్తారు. రెండు లీటర్ల గ్లూకోజు ద్రావణం సంచి దానికి తగిలించి లోపలికి వదలాలి. కొన్ని గంటలు ఉంచి బయటికి తీసేయాలి. మళ్లీ కొత్త సంచి.

"గీ చక్కెర నీళ్లు కడుపుల వోస్తే కిడ్నీ పని ఎట్ల జేస్తయే?" అని అక్క నన్ను అడిగింది.

తొక్కు పచ్చడికి మామిడికాయ ముక్కలకు ఉప్పు పట్టిస్తే ముక్కలోంచి నీళ్లు ఊరతాయి కదా, అలాగే అని చెప్పాను. గాఢత ఎక్కువ ఉన్న వైపుకు నీళ్లు వస్తాయి. కడుపులో ఒక పొర ఉంటుంది. దానికి అటువైపు రక్తం, ఇటువైపు సంచిలోని ద్రావణం. ద్రావణం చిక్కగా ఉంటే రక్తంలో మిగిలిపోయిన నీళ్లు ఇటు వచ్చేస్తాయి, మలినాలూ వస్తాయి.

"అంటే నన్ను తొక్కు వెడుతున్నరన్నట్టు."

"అట్లనే అనుకో."

"కారం జర తక్కువెయ్యమను."

డాక్టరమ్మ కూడా నవ్వింది. నవ్వుతూనే గట్టిగా చెప్పింది: రోజుకు ముప్పావు లీటరు నీళ్లు, అంతే. చాయ, మజ్జిగ, చారు అన్నీ అందులోనే. అక్క మందిరంలో ఇచ్చే ద్రాక్షరసం గుర్తొచ్చి, "ప్రభువు బల్ల గిన్నె గూడ అండ్లనేనా డాక్టరమ్మా?" అంది. "అది చెంచాడే కదమ్మా, దేవుని లెక్కలో వేసుకోండి" అందామె.

సంచులు మూడు రకాలు. పసుపు రింగుది ఒకటిన్నర శాతం, ఆకుపచ్చది రెండున్నర, ఎర్రది నాలుగుంపావు. ఎర్రది ఎక్కువ నీళ్లు లాగుతుంది. పాదాలు ఉబ్బినప్పుడో, ఆయాసం వచ్చినప్పుడో తప్ప దాని జోలికి పోవద్దన్నారు. ఆ చక్కెరకు కడుపులోని పొర క్రమంగా పాడవుతుంది. పొర పాడైతే చక్కెర ఇట్టే రక్తంలోకి జారిపోతుంది, రెండు వైపులా తేడా నిలవదు, తేడా లేనప్పుడు నీళ్లు రావు. ఇదంతా నేను పిల్లలకు చెప్పే పాఠమే. డాక్టరమ్మ చెబుతుంటే మాత్రం కొత్త పాఠంలా కాగితం మీద రాసుకున్నాను.

అక్క పని మానలేదు. పొద్దున ఒక సంచి ఇంట్లో ముగించుకుని రైలెక్కేది. మధ్యాహ్నపు సంచిని తాండూరులో మాకు తెలిసిన విశ్వాసి ఇంట్లో, శుభ్రమైన గదిలో మార్చుకునేది. ఇబ్బంది సంచులతో కాదు, ఇళ్లతో వచ్చింది. ప్రతి ఇంట్లో గ్లాసు నిండా నీళ్లు ఎదురొచ్చేవి. రెండిళ్లకే ఆమె రోజు వాటా అయిపోయేది. మూడో ఇంట్లోనూ తాగేది. సాయంత్రానికి చెప్పులు బిగుసుకుపోయేవి.

అప్పటి నుంచి మా పొద్దుటి మాటలు ఇలా ఉండేవి.

"ఇయ్యాల ఎన్ని ఇండ్లు?"

"అయిదారు."

"రెండు చెయ్యి."

"దేవుని పనిని బేరం జేస్తవా? గాజుల బేరమా గిది?"

"నీళ్లొద్దని చెప్పరాదే? నాకు బాగలేదని చెప్తే ఎవరన్న ఏమనుకుంటరు?"

"నువ్వు అనుకోవు. ఆళ్లు అనుకుంటరు. అవ్వ ఇంట్ల నేను గ్లాసు పక్కకు వెడితే కోడండ్లు ఏమనుకుంటరు? ఆమె గ్లాసిచ్చిన నాడు ఆ ఇంట్ల ఎంత లొల్లయిందో నాకెర్క." కాసేపాగి మెల్లగా, "ఎర్రది పెట్టు జర" అనేది.

నేను పెట్టేదాన్ని కాదు. ఆమే పెట్టుకునేది. నా కళ్లముందే పెట్టుకునేది, దాచలేదు. ఆ పెట్టె తొందరగా ఖాళీ అవుతుండేది. ప్రార్థనలో నేను దేవుణ్ని ఏమడగాలో తెలియక తికమకపడేదాన్ని. ఆమె బతకాలని అడిగితే ఆమె పని ఆగాలని అడిగినట్టు. పని సాగాలని అడిగితే ఇంకోటి అడిగినట్టు.

శుభ శుక్రవారం మా మందిరంలో సిలువ మీది ఏడు మాటలను ఏడుగురు ధ్యానిస్తారు. అయిదోది దప్పిక మాట. చాలా ఏళ్లుగా అది అక్క వంతు. ఆ ఏడు ఎండలు ముందే ముదిరాయి. ఊళ్ల నుంచి ఆటోల్లో జనం వచ్చారు, అవ్వ కూడా వచ్చి ముందు వరుసలో కింద కూర్చుంది. అక్క వాక్యం చెబుతుంటే పెదవులు అతుక్కుపోతున్నాయి, మాట మాటకూ నాలుకతో తడుపుకుంటోంది. దూపన్న ప్రభువుకు పుల్లటి రసం ఇచ్చారని చెప్పి, అక్కడ ఆగిపోయింది. ఎవరో లేచి నీళ్ల గ్లాసు తెచ్చారు.

అప్పుడు అయ్యగారు లేచారు. మా పాస్టరుగారు మంచి మనిషి, అక్కను సొంత చెల్లెలిలా చూసుకునేవారు. కన్నీళ్లతో ఆ గ్లాసును వెనక్కి పంపేసి, ప్రార్థన మనవి అని సంఘమంతటికీ చెప్పారు. అక్కగారి కిడ్నీలు పోయినవి, నీళ్లు ఆమెకు విషంతో సమానం, ఎవరింటికి వచ్చినా దయచేసి నీళ్లివ్వకండి, ఆమె కోసం మోకరించండి. మందిరంలో ఏడుపులు లేచాయి. మాలో అంతే. ఎవరి బాధైనా సంఘం మధ్యకు తెచ్చి పెడతాం, ప్రేమతోనే పెడతాం. అక్క తల వంచుకుని నిలబడింది. నాకు మాత్రం నిజంగా బరువు దిగినట్టయింది. ఇక నేను బేరమాడనక్కర్లేదు.

పండుగ అయ్యాక అక్క మళ్లీ ఊళ్లకు వెళ్లింది. సాయంత్రం తాండూరు స్టేషన్లో బెంచీ మీద కనిపించింది. చెప్పులు వదులుగానే ఉన్నాయి. పాదాలు చూసి, "ఇయ్యాల మంచిగున్నయి" అన్నాను సంతోషంగా.

"ఎవ్వరు నీళ్లియ్యలే."

"మంచిదే గద అక్కా."

"అవ్వ ఇంట్ల కోడలు కడవ మీద మూత పెట్టింది, నేను పోంగనే. అవ్వనే పెట్టుమన్నది. ఒట్టి చేతులతోటి కూసున్న." చేతులు ఒళ్లో తిప్పి చూసుకుంది. "చిన్నప్పుడు గట్లనే కూసుందుము. యాదికున్నదా?"

"వాళ్లు నీ మేలు కోరే చేసిండ్రు."

"తెలుసే. ప్రేమతోనే ఇయ్యలే. గాని నా ఒంటికి తెల్వది గద."

ఆ రాత్రి అన్నం తినలేదు. మర్నాడూ ఊరికి వెళ్లలేదు. ఆ వారమంతా మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుంది. పాదాలు సన్నబడ్డాయి, పసుపు రింగు సంచితోనే సరిపోయింది. డాక్టరమ్మ చూస్తే మెచ్చుకునేది. నేను అన్నం కలిపి ముద్ద చేతికిస్తే, తినకుండా అలాగే పట్టుకుని కూర్చునేది.

కాలేజీ సెలవున్న రోజు బలవంతంగా లేపి, నేనే ఆమెతో ఆ ఊరికి వెళ్లాను. అవ్వ చాప వేసింది. కోడలు మళ్లీ కడవ మూత సర్దింది. అక్క ప్రార్థన మొదలుపెట్టబోయి ఆగి, "అవ్వా, దూపైతుంది" అంది.

అవ్వ బెదిరిపోయింది. "అయ్యగారు వద్దన్నడు గద బిడ్డ. నా మీదికి తేకు."

"ఒక్క గుక్క."

అవ్వ నా వైపు చూసింది. నేను కిందికి చూశాను. ఆమె లేచి ఆ ఇత్తడి గ్లాసే తీసి, కడవ మూత తీసి, అడుగు మాత్రం తడిసేటట్టు నీళ్లు పోసి, నిండు గ్లాసును తెచ్చినట్టు రెండు చేతులతో జాగ్రత్తగా పట్టుకుని వచ్చింది. అక్క తాగింది. తాగి నవ్వింది. "పైసలు దాసినట్టు దాస్తిరి గదమ్మా నీళ్లు!" అని కోడలిని ఆటపట్టించింది. కోడలు కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ పిల్ల ఆ ఇంట్లో మా ముందు నవ్వడం నేను చూసింది అదే మొదలు.

ఆ మాట ఊళ్లు తిరిగింది. అప్పటి నుంచి అన్ని ఇళ్లలోనూ అంతే, అక్క వస్తే ఇంటికో గుక్క. నేను కాలేజీ ల్యాబులోంచి కొలజాడీ తెచ్చి ఆమె గుక్క ఎంతో కొలిచాను. నోటి నిండా పట్టి కొలజాడీలోకి ఊసెయ్యమంటే, "సీ, సదువుకున్నదానివేనా?" అని తిడుతూనే ఊసింది. పాతిక మిల్లీలీటర్లకు కాస్త పైన. నిండు గ్లాసుతో పోలిస్తే ఎంతో నయం. ఎన్ని ఇళ్లు తిరిగినా ఆమె వాటాలోనే సరిపోతుందని లెక్కగట్టి చూపించాను. లెక్క సరైనదే. కాకపోతే ఆమె ముఖం వెలిగిపోయింది, పిలిచే ఇళ్లు పెరిగాయి, ఎండలో నడక పెరిగింది. దారిలో తట్టుకోలేక ఇంకో గుక్క, బస్సు దిగాక ఇంకో గుక్క. ఎర్ర రింగు సంచి మళ్లీ మొదలైంది.

వానలు పడే వేళకు, లోపలికి పోసిన రెండు లీటర్లకు బయటికి రెండు లీటర్లే రావడం మొదలైంది. కొక్కెం తక్కెడకు సంచి తగిలించి ముల్లు చూసేదాన్ని. ముల్లు రెండు దాటదు. ఎర్రది పెట్టినా అంతే. గాఢత ఎంత పెంచినా లాగే బలం లేదు. పొర ఆ చక్కెరను వెంటనే వదిలేస్తోంది.

"నా తొక్కు ఊరుతలేదా?" అంది అక్క.

నేను సంచిని తక్కెడ నుంచి దింపాను.

హైదరాబాద్‌లో మిషను మీదికి మార్చారు. రక్తాన్నే బయటికి తీసి కడిగి లోపలికి పంపే పద్ధతి. కొన్నాళ్లు నడిచింది, కాని గుండె తట్టుకోలేకపోయింది. వికారాబాద్‌లో మా ఇంట్లోనే, పొద్దుటి ప్రార్థనయ్యాక చాయ పెడతానని నేను లేచి వెళ్లి వచ్చేసరికి ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది. పునరుత్థానాన్ని నమ్మేదాన్ని నేను. నమ్ముతూనే చాలా ఏడ్చాను. నమ్మకానికి దుఃఖం అడ్డు రాదని అక్కే ఎన్నో ఇళ్లలో చెప్పేది. నాకు ఆ మాట అప్పుడు పెద్దగా ఆసరా కాలేదు.

సమాధి కార్యక్రమానికి అవ్వ రాలేదు. నొచ్చుకున్నాను. జనం రావడం తగ్గాక ఒక మధ్యాహ్నం ఒక్కతే బస్సులు మారి మా ఇంటికి వచ్చింది. గడప లోపలికి వచ్చి గోడ వారగా కింద కూర్చుంది. నేను నీళ్లు తెచ్చి ఆమె ముందు పెట్టాను. ముట్టుకోలేదు.

"బిడ్డా, నువ్వు సదువు చెప్పేదానివి. అబద్ధం చెప్పకు. నా నీళ్లే చంపినయా?"

"లేదవ్వా. రోగం ముందు నుంచే ఉండె."

"అది నాకెర్క. గా ఎర్ర సంచి కడుపును ఖరాబు జేస్తదని మీ అక్కనే చెప్పింది. నీళ్లు తాగకుంటే ఎర్రది వెట్టుకునే పని లేకుండె గద?"

నీ ఇంట్లో ఆమె తాగిన గుక్కలన్నీ కలిపినా ఒక చెంబు కాదని అంకెలతో చూపించగలను. కాని ఆమె అడిగింది ఎంత అని కాదు. ఏ ఇంటి చుక్క ఏ సంచికి కారణమైందో ఎవరూ వేరుచేసి చెప్పలేరు. ఒకసారి కలిశాక అంతటా ఒకే తీరుగా ఉంటుంది. ద్రావణమంటే అదేనని నేనే నేర్పుతాను.

"ఎండకు తాగింది, బస్సు దిగి తాగింది, అందరి ఇండ్లల్ల తాగింది" అన్నాను. "అన్నీ కలిసినయవ్వా."

"అండ్ల నాది ఉన్నది."

"ఉన్నది."

తల ఊపింది. నిజం చెప్పినందుకు తల ఊపినట్టుంది. నేను ఆగలేక, "నువ్వు ఇయ్యని రోజు ఇంటికొచ్చి అన్నం ముట్టలే అవ్వా. ఆ వారమంత మంచం దిగలే. నువ్వు మళ్లిచ్చినంకనే లేచింది" అన్నాను.

అవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. తర్వాత కొంగు తీసి, "ప్రార్థన జెయ్యి బిడ్డ" అంది.

మోకరించాను. చిన్నప్పటి నుంచి సంఘంలో పెరిగినదాన్ని, ఏ సందర్భానికైనా ప్రార్థన నా నోట్లో సిద్ధంగా ఉంటుంది. ఆ రోజు పరలోకమందున్న తండ్రీ అని పిలిచి ఆగిపోయాను. వికారాబాద్ స్టేషన్లో ఏదో బండి వచ్చి ఆగి, మళ్లీ కదిలిన చప్పుడు వినిపించింది.

అవ్వ ఎప్పుడూ పైకి ప్రార్థన చేసేది కాదు. మాటలు రావని, కూడికల్లో చివరన ఆమేన్ మాత్రం అనేది. ఆమె నా పక్కన చేతులు జోడించి, పొలంలో దూరంగా ఉన్న మనిషిని పిలిచినట్టు గట్టిగా మొదలుపెట్టింది.

"అయ్యా, నువ్వు దూపంటే నీకు పుల్లటి నీళ్లిచ్చిండ్రంట. గా బిడ్డనే నాకు చెప్పింది. ఆమె దూపంటే నేను మంచినీళ్లే ఇచ్చిన. తప్పయితే నన్నడుగు. ఆ బిడ్డనేం అడగకు. ఆమెను లోపట కూసోవెట్టు."

ఇంకేమైనా అంటుందేమోనని చూశాను. అంతే. నా ఆమేన్ కోసం ఆమె ఆగి ఉందని నాకు తెలియడానికి కొంతసేపు పట్టింది.